తడి అనే గడి

ఆ ఎండాకాలం నేను తయారుచేసిన పేజీ లింకు మా ఇంట్లో అందరికీ పంపాను, బాబాయికి తప్ప. పంపకూడదని కాదు, ఆయనకెందుకులే అనుకున్నాను. ఈ రెండూ వేరువేరని అప్పట్లో నాకు గట్టి నమ్మకం.

మాది మొక్కల నర్సరీ. ఊరి చివర ఆరు షెడ్లు, పైన పచ్చటి నీడవల, కింద వరుసలు వరుసలుగా నల్ల సంచుల్లో మొక్కలు. అన్నయ్యా వదినా నడుపుతారు. నీళ్ళ పని మాత్రం నాన్న హయాం నుంచీ బాబాయిదే. పెళ్ళీ పెటాకులూ లేని మనిషి, పంపు గదిని ఆనుకున్న గదిలో ఉంటాడు. పొద్దున్నే ఒక్కో వరుసలో ఒక్కో సంచి చేత్తో ఎత్తి బరువు చూస్తాడు, చూపుడు వేలు మట్టిలో రెండో కణుపు దాకా గుచ్చుతాడు, "ఈ పూట వద్దు" అనో "పన్నెండు నిమిషాలు" అనో చెప్పి మొలలో దోపుకున్న వాల్వు తాళంతో నీళ్ళు వదులుతాడు. ఎలా తెలుసని అడిగితే "వేలు చెప్పింది" అంటాడు.

ఆ ఏడు రెండు సంగతులు ఒకేసారి వచ్చిపడ్డాయి. రోడ్ల పక్కన నాటడానికి తొమ్మిది వేల మొక్కలు కావాలని మాకు ఎన్నడూ రానంత పెద్ద ఆర్డరు వచ్చింది. తొలకరికి ముందు వాళ్ళ మనిషి వచ్చి చూసి, బాగున్నవే తీసుకుంటారు. సరిగ్గా ఆ నెలలోనే బాబాయి మోకాలు మొరాయించింది. రెండు షెడ్లు తిరిగేసరికి తొట్టి బోర్లించుకుని కూలబడేవాడు.

"వేలు ఒకటి, షెడ్లు ఆరు. ఎలాగే చిట్టీ?" అన్నాడు అన్నయ్య.

నేను అప్పుడు ఇంటి నుంచే ఉద్యోగం వెలగబెడుతున్నాను. పైథాన్‌ అనే కంప్యూటర్ భాషలో లెక్కలు రాయడం నా పని. "ఆ వేలిని ఫంక్షన్‌గా రాసి పారేస్తాను, చూస్తూ ఉండు" అన్నాను. నా నోటికి అడ్డూ ఆపూ లేదని మా అమ్మ ఊరికే అనేది కాదు.

నెల రోజులు బాబాయి వెనకే తిరిగాను. మట్టిలో గుచ్చితే నూటికి ఇంత తడి ఉందని అంకె చూపించే పుల్లలాంటి పరికరం ఒకటి తెప్పించాను. ఆయన వేలు గుచ్చేవాడు, నేను పుల్ల గుచ్చేదాన్ని. ఆయన నిమిషాలు చెప్పేవాడు, నేను రాసుకునేదాన్ని. నడుస్తూ ఏదో ఒకటి మాట్లాడుతూనే ఉండేవాడు. "నిన్న ఈ వరుసకి ఒకే తడి పెట్టాం", "మూడో షెడ్డుకి రెండు తడులు పడ్డాయి, చాలు" అనేవాడు. నేను ఊఁ కొట్టేదాన్ని. నా కళ్ళన్నీ పుల్ల మీదే.

నాలుగు వందల లెక్కలు పోగయ్యాక ఫంక్షన్ రాశాను. దానికి మూడు అంకెలివ్వాలి: మట్టిలో తడి ఎంత, ఎండ ఎంత, మొక్క వయసు ఎన్ని వారాలు. అది ఒక అంకె తిరిగి ఇస్తుంది: ఎన్ని నిమిషాలు నీళ్ళు వదలాలో. పదింట తొమ్మిదిసార్లు బాబాయి మాటా దాని మాటా ఒకటే అయ్యాయి.

కానీ వదిన చేతికి నల్ల తెర ఇచ్చి కోడు నడుపుకోమంటే నన్ను బయటికి నడిపిస్తుంది. పేజీలు కట్టడం, రంగులు అద్దడం నాకు చేతకాదు. అందుకని ఒక లైబ్రరీ, అంటే ఎవరో ముందే రాసిపెట్టిన కోడు, పట్టుకున్నాను. ఫంక్షన్ దానికి అప్పగిస్తే చాలు. ఫంక్షన్ అడిగే ఒక్కో అంకెకీ ఒక్కో గడి తనే గీస్తుంది, కింద బటన్ పెడుతుంది, ఎవరి ఫోన్లోనైనా తెరుచుకునే లింకు కూడా ఇస్తుంది. నేను అదనంగా రాసింది మూడంటే మూడు లైన్లు. కోడులో నేను పెట్టుకున్న పేర్లే గడుల మీద పేర్లుగా వచ్చాయి. తడి, ఎండ, వయసు. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు మాటలు. ముద్దుగా ఉన్నాయని అలాగే వదిలేశాను.

ఒక పొద్దున మొదటి షెడ్డులో అందరినీ నిలబెట్టి లింకు పంపాను. అన్నయ్య ఫోను, వదిన ఫోను, గొట్టాలు బిగించే పైపులాయన ఫోను వరసగా టింగుమన్నాయి.

"ఇంతేనా? ఇంకేం నొక్కక్కర్లేదా?" అంది వదిన.

"ఇంతే. మూడు అంకెలు కొట్టు, బటన్ నొక్కు."

"మీ అన్నయ్య కంటే నయం. అడగ్గానే జవాబు చెప్తోంది."

అందరం నవ్వాం. బాబాయి కూడా నవ్వాడు. ఆయన చేతిలో ఫోను ఉంది, అద్దం పగిలిన పాత ఫోను. జేబులోంచి ఎప్పుడు తీశాడో నేను చూడలేదు.

"నాది మోగలేదేమే?" అన్నాడు.

"నీకెందుకు బాబాయ్, నీ దగ్గర వేలుంది కదా!"

"అదీ నిజమే" అని ఫోను మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు.

నేను పుల్లని గుంజకి వేలాడదీశాను. మర్నాడు మా ఆఫీసువాళ్ళు రెండు వారాలు వచ్చి కూర్చోమంటే నగరానికి వెళ్ళాను. ఆ లైబ్రరీ ఇచ్చే లింకు వారమే పనిచేస్తుంది, అదీ నా ల్యాప్‌టాప్ తెరిచి ఉన్నంతసేపే. అందుకని వారం తిరగ్గానే కొత్త లింకు పంపాను. మళ్ళీ ఆ ముగ్గురికే.

ఐదో రోజున వదిన ఫోన్ చేసింది.

"చిట్టీ, రెండో షెడ్డులో ఆకులు వాడిపోతున్నాయి."

"పేజీ ఎంతంటోంది?"

"నలభై నిమిషాలు."

"అంతే పెడుతున్నారా?"

"అంతే. సెకను తేడా లేకుండా."

ఎండ అలాంటిది మరి, అనుకున్నాను. "పేజీ చెప్పినట్టే చెయ్యండి, తేరుకుంటాయి" అన్నాను. తొమ్మిదో రోజున అన్నయ్య చేశాడు. నాలుగో షెడ్డూ అలాగే ఉందట. పేజీ నలభయ్యే అంటోందట. "బాబాయేమో నీళ్ళు తగ్గించమని ఒకటే గోల. ఎండిపోతున్నవాటికి నీళ్ళు తగ్గించమంటాడేంటే?" అన్నాడు. అన్నయ్య గొంతులో విసుగు ఉంది. నాకూ విసుగేసింది. నా ఫంక్షన్‌ని ఎవరో వేలెత్తి చూపినట్టే అనిపించింది, ఆ వేలు ఎవరిదో తెలిసి మరీ.

పదిహేనో రోజు మధ్యాహ్నం ఇంటికొచ్చాను. సంచి గుమ్మంలో పడేసి షెడ్లలోకి పరుగెత్తాను. సగం మొక్కలు తలలు వాల్చేశాయి. అడుగు ఆకులు పసుపుపచ్చగా తిరిగాయి. సంచుల పైన మట్టి చూస్తే పొడిపొడిగా ఉంది. ఆర్డరువాళ్ళ మనిషి రావడానికి ఇంకా పదకొండు రోజులు.

మర్నాడు పొద్దున అరుపులు వినిపించి వెళ్ళేసరికి అన్నయ్య, వదిన, పైపులాయన నాలుగో షెడ్డు గుమ్మం దగ్గర నిలబడి ఉన్నారు. బాబాయి వాల్వు దగ్గర వంగి ఉన్నాడు. తాళం ఆయన చేతిలోనే ఉంది.

"ఎన్ని రోజుల్నుంచి?" అన్నాడు అన్నయ్య.

బాబాయి మోకాలు పట్టుకుని నెమ్మదిగా నిటారుగా నిలబడ్డాడు. "నాలుగు రోజులైంది. ఈ షెడ్డు, ఐదో షెడ్డు. నువ్వు చెప్పగానే వదిలి, నువ్వటు పోగానే కట్టేస్తున్నా."

"మేం నలభై నిమిషాలు పెడుతున్నామనుకుంటుంటే నువ్వు దొంగచాటుగా కట్టేస్తున్నావా? అందుకేనా ఇవి మాడిపోతున్నాయి?"

"మాడిపోవట్లేదురా. మునిగిపోతున్నాయి. వేళ్ళకి ఊపిరాడట్లేదు."

"మట్టి పొడిగా ఉంటే మునగడమేంటి బాబాయ్?"

"పైన చూస్తే ఏం తెలుస్తుంది? వేలు పెట్టి చూడు."

"వేలు, వేలు! ఆ పేజీలో ఉన్నదంతా నీ లెక్కే కదా! నెల రోజులు నువ్వు చెప్పిందే అది రాసుకుంది. ఇప్పుడు నీ మాట నువ్వే కాదంటావా?"

బాబాయి తెల్లబోయాడు. నా వైపు చూశాడు. "నేను నలభై ఎప్పుడు చెప్పానే?"

నేను నోరు మూసుకుని ఉంటే సరిపోయేది. పోనీ "ఏమో, చూద్దాం" అన్నా సరిపోయేది. కానీ నా దగ్గర రాసి ఉంది. "చెప్పావు బాబాయ్. పైపు పగిలి రెండు రోజులు నీళ్ళందని వరుసకి నలభై పెట్టాలన్నావు. తారీఖుతో సహా ఉంది" అన్నాను.

బాబాయి వాల్వు తాళాన్ని చొక్కా అంచుతో తుడిచి పైపులాయన చేతిలో పెట్టాడు. గంట తర్వాత పంపు గది పక్క గదికి గొళ్ళెం పెట్టి ఉంది. ఆయన సంచి లేదు. పక్క ఊళ్ళో చిన్ననాటి స్నేహితుడి సైకిల్ షాపుకి వెళ్ళాడని, బస్సెక్కడం చూశానని పైపులాయన చెప్పాడు. అన్నయ్య "వెళ్ళనీ" అన్నాడు. ఆ పూట ఇంట్లో ఎవరం సరిగా అన్నం తినలేదు.

మర్నాడు పొద్దున ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నాను. నిజం చెప్పాలంటే బాబాయి తప్పు రుజువు చెయ్యడానికే కూర్చున్నాను. బటన్ నొక్కిన ప్రతిసారీ ఏ గడిలో ఏ అంకె కొట్టారో, జవాబేం వచ్చిందో ఆ పేజీ ఒక ఫైల్లో దాచి పెడుతుంది. బాబాయి వాల్వు కట్టేసిన రోజుల్లో తడి ఎలా పడిపోయిందో చూపిద్దామని తెరిచాను.

ఎండ 41, 42, 42. వయసు 14, 14, 20. బాగానే ఉన్నాయి. తడి గడిలో 2, 1, 2, 2, 3, 1. పదిహేను రోజులూ అంతే. ఆరు షెడ్లకీ అంతే.

ఇరవై కొట్టబోయి రెండు కొట్టారా అనుకున్నాను ముందు. అన్నిసార్లా? తడి ఇరవై లోపుంటే నలభై నిమిషాలని నా ఫంక్షన్‌లో ఉంది. రెండిచ్చినా నలభయ్యే, మూడిచ్చినా నలభయ్యే. రోజూ నీళ్ళు పడే సంచిలో నూటికి రెండు పాళ్ళే తడి ఎలా ఉంటుందని ఆ ఫంక్షన్ అడగదు. అడిగేలా నేను రాయలేదు.

వదిన వంటింట్లో బెండకాయలు తరుగుతోంది.

"వదినా, తడి గడిలో రెండని కొట్టావెందుకు?"

"ఏ రోజు?"

"ఏ రోజైనా."

"రెండు తడులు పెట్టిన రోజు రెండు కొట్టాను. మూడు పెట్టిన రోజు మూడు. పైపులాయన లెక్క చెప్పేవాడు. ఏం, తప్పా?"

"పుల్ల గుచ్చి చూడలేదా?"

"ఆ పుల్ల నీ పరీక్షలకి కదా! పేజీ వచ్చేశాక ఇంక అదెందుకు?" అని తరగడం ఆపి నా ముఖంలోకి చూసింది. "తడి అంటే అదే కదే? ఎన్ని తడులు పెట్టామనే కదా అడుగుతోంది?"

మొక్కల మధ్య పుట్టి పెరిగిన దాన్ని. తడంటే ఒకసారి నీళ్ళు పెట్టడమని ఈ ఇంట్లో నాకు మాటలు రాకముందు నుంచీ వింటున్నాను. కానీ గడికి పేరు పెట్టేటప్పుడు నా బుర్రలో ఉన్నది ఆరని బట్టల తడి, గోడ తడి, పుల్ల మీది అంకె. వదిన తన భాషలో తను సరిగ్గానే కొట్టింది.

ఇద్దరం రెండో షెడ్డుకి వెళ్ళాం. నేను ఒక సంచి తీసి నిలువునా చీల్చాను. పైన రెండు వేళ్ళ మందం పొడి మట్టి. కింద అంతా బురద. మొక్క వేళ్ళు నల్లగా కుళ్ళి ముట్టుకుంటే తొక్క ఊడివచ్చింది. మురుగు వాసన కొట్టింది. తర్వాత, బాబాయి నాలుగు రోజులుగా వాల్వు కట్టేస్తూ వచ్చిన నాలుగో షెడ్డులో ఇంకోటి చీల్చాను. అందులో నల్ల వేళ్ళ మధ్య తెల్లటి కొత్త వేరొకటి పొడుచుకొస్తోంది.

వదిన చీర కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది. "మరి చిన్నమామయ్యగారు చెప్పింది..."

"ఊఁ."

తర్వాత తను గొంతు తగ్గించి, "ఇది ఇంకెవరికైనా తెలుసా?" అంది.

"లేదు."

"గడి పేరు మార్చడానికెంత సేపు పడుతుంది?"

"నిమిషం."

ఆ పైన వదిన ఏమీ అననక్కర్లేదు. నిమిషంలో పేరు మారిపోతుంది, ఫైలు చెరిగిపోతుంది. బాబాయి వాల్వులు కట్టేసినందుకే మొక్కలు పోయాయని అన్నయ్య నమ్మనే నమ్మాడు. నాకు ఆ ఆలోచన రాలేదని చెబితే అబద్ధం. వచ్చింది. షెడ్డు ఇవతలి చివర నుంచి అవతలి చివర దాకా నడిచేంతసేపు నాతోనే ఉంది కూడా.

అవతలి చివర అన్నయ్య, పైపులాయన గొట్టాలు విప్పుతున్నారు. చీల్చిన సంచులు రెండూ అన్నయ్య ముందు పెట్టాను. "వాల్వులు కట్టడం వల్ల కాదు. నా పేజీ వల్ల" అని మొదలుపెట్టి, తడి గడి సంగతి మొత్తం చెప్పాను. పైపులాయన ఉన్నాడని గొంతు తగ్గించలేదు. నిన్న బాబాయిని అన్నది కూడా ఆయన ముందే.

అన్నయ్య అరుస్తాడనుకున్నాను. అరవలేదు. బాబాయి కూర్చునే తొట్టి మీద కూలబడి, "నలభై ఎప్పుడు చెప్పానని అడిగాడే" అన్నాడు. "అడిగాడు కదా మనల్ని."

"నేను వెళ్ళి తీసుకొస్తా" అన్నాను.

సైకిల్ షాపు ముందు నీళ్ళ తొట్టిలో ట్యూబు ముంచి బుడగలు చూస్తున్నాడు బాబాయి. నన్ను చూసి, పక్కన ఉన్న స్టూలు కాలితో నా వైపు జరిపాడు. కూర్చుని అంతా చెప్పాను. ఆయన ట్యూబు తిప్పుతూనే విన్నాడు.

"అయితే తడి అంటే నీ లెక్కలో చెమ్మా?" అన్నాడు.

"అవును బాబాయ్."

ఫక్కున నవ్వాడు. షాపు ఓనరు తొంగి చూశాడు. నాకూ నవ్వొచ్చింది, వెంటనే ఏడుపూ వచ్చింది. ఆయన నవ్వు కూడా ఎక్కువసేపు నిలవలేదు.

"ఆ గడి మీద ఏం రాశావో ఒక్కసారి నాకు చూపిస్తే అక్కడికక్కడ చెప్పేవాణ్ణి కదే. ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుని చదవగలను."

"తప్పయిపోయింది."

"తడీ చెమ్మా మాట పోనీలే. అందరి ఫోన్లూ మోగాయి. నాది మోగలేదు." ట్యూబులోంచి సన్నగా బుడగలు లేచాయి. అక్కడ సుద్దముక్కతో గుర్తు పెట్టాడు. "నా లెక్కంతా తీసుకుని, నాకే చెప్పలేదు నువ్వు."

ఇంటికి రమ్మన్నాను. రానూ అనలేదు, వస్తాననీ అనలేదు. పని మాత్రం చెప్పాడు. అన్ని వాల్వులూ కట్టెయ్యాలి. సంచులన్నీ నేల మీద నుంచి ఎత్తి ఇటుకల మీద పెట్టాలి. అడుగున ఇంకో నాలుగు బెజ్జాలు పొడవాలి. ఆకులు ఎంత వాడినా మూడు రోజులు చుక్క నీరు పెట్టకూడదు. "భయమేసి ఎవరో ఒకరు పెట్టేస్తారు. పెట్టనివ్వకు" అన్నాడు. లేచేటప్పుడు, "తాళం అక్కడే ఇచ్చొచ్చాను" అని వేరే ఎటో చూస్తూ అన్నాడు.

తిరుగు బస్సులోనే ల్యాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని గడి పేరు మార్చాను. తెలుగు అక్షరాల్లో "చెమ్మ, పుల్ల మీది అంకె" అని పెట్టాను. పది కంటే తక్కువ కొడితే జవాబు చెప్పకుండా మళ్ళీ కొలవమనేలా రాశాను. కింద ఇంకో గడి కలిపాను: "చెప్పవలసిన మాట". అందులో ఎవరేం రాసినా నా ఫోనుకి వచ్చేలా చేశాను. అప్పుడు లింకు పంపాను. ముందు బాబాయికి. తర్వాత మిగతావాళ్ళకి.

ఆయన నుంచి ఏమీ రాలేదు. ఆ రోజూ, మర్నాడూ రాలేదు.

ఆ మూడు రోజులు ఎలా గడిచాయో మా నలుగురికే తెలుసు. తొమ్మిది వేల సంచులూ ఎత్తాం, పొడిచాం, ఇటుకల మీద పేర్చాం. రెండో రోజు మధ్యాహ్నం ఎండకి మొక్కలన్నీ ఒకేసారి వాలిపోతే అన్నయ్య వాల్వు దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు. తాళం చేతిలో ఉంది. నేను వెళ్ళి పక్కన నిలబడ్డాను. కాసేపటికి తాళం పట్టుకెళ్ళి పంపు గది మేకుకి తగిలించాడు.

తర్వాత సంగతి ముందే చెప్పేస్తాను. ఆర్డరువాళ్ళ మనిషి వచ్చి ఆరు వేల చిల్లర మొక్కలు తీసుకుంది, మిగతావి కుప్ప పోశాం. కానీ నాలుగో రోజు పొద్దున ఇదేదీ నాకు తెలియదు. ఆరున్నరకి ఫోను మోగి మెలకువ వచ్చింది. పేజీ నుంచి వచ్చిన మాట. చెమ్మ గడి ఖాళీగా ఉంది. ఎండ గడి ఖాళీ, వయసు ఖాళీ. కింది గడిలో మాత్రం రాసి ఉంది: "నాలుగో షెడ్డుకి ఈ పూట కూడా వద్దు. చూశాను."

రెండుసార్లు చదివాను. పక్క ఊళ్ళో ఉండి ఎలా చూశాడు?

చెప్పుల్లేకుండానే పరుగెత్తాను. పంపు గది మేకుకి తాళం లేదు. నాలుగో షెడ్డులో బాబాయి తొట్టి మీద కూర్చుని, ఒక సంచి ఒళ్ళో పెట్టుకుని, వేలు రెండో కణుపు దాకా గుచ్చి ఉన్నాడు. ఇంకో చేతిలో అద్దం పగిలిన ఫోను ఉంది.

"నీ ఫోను మోగిందా?" అన్నాడు, తలెత్తకుండా.

"మోగింది బాబాయ్."

"మరి రావడానికి ఇంతసేపా? ఇలా రా, ముందు నీ వేలు పెట్టు."